మాత్రలు, కాలేయము, చేనిగట్టు పసరు

తొలకరి పడిన పిమ్మట సంగారెడ్డి చేలలో నేలయుసిరి దానంతట మొలచును. కలుపు తీయువారు దానిని పారవేయక కామెర్లకై దాచుట వాడుక. క్షయమాత్రలవలన కాలేయము చెడునని విని, ఈ పసరు త్రాగిన రక్షణ కలుగునా యని సంఘసభ్యులు కొందఱు మమ్ము నడుగుచున్నారు.

వారి భయము నిరాధారము కాదు. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ అను క్షయమందులు కొందఱి కాలేయమునకు హాని చేయును. జ్వరపు మాత్రయగు పారాసిటమాల్ సైతము మితిమీరిన ప్రమాదకరమే. అందు కొంత భాగము కాలేయములో విషముగా మాఱును. గ్లూటాథయోన్ అను పదార్థము దాని నణచును. మోతాదు హెచ్చినచో గాదె ఖాళీయైనట్లు ఆ నిల్వ తఱిగి, కణములు నశించును.

నేలయుసిరి, నేలవేము, గుంటగలగర సారములను శాస్త్రజ్ఞులు ఎలుకలపై పరీక్షించిరి. సారము త్రాగిన ఎలుకల కాలేయము తక్కువగా చెడినది, నిజమే. కాని పెక్కు పరీక్షలలో సారమును విషమునకు ముందే యిచ్చిరి. మనవారో, కండ్లు పచ్చబడిన పిమ్మట పసరు వెదకుదురు! పైగా ఎలుక కిచ్చినది కొలచిన సారము. మన రోటిలో నూఱిన దానికి కొలత యేది? మొక్క యైనంతమాత్రమున నిరపాయమనుటయు పొరపాటే. 2020లో తిప్పతీగ వాడిన కొందఱికి కాలేయము వాచినట్లు బొంబాయి వైద్యులు 2021లో ప్రకటించిరి.

మొక్క మొలచిన చోటును చూడవలెను. 2007లో స్వీడను శాస్త్రజ్ఞులు పటాన్‌చెరువు మురుగుశుద్ధి కేంద్రము విడిచిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వఱకు నున్నట్లు కనుగొనిరి. కర్మాగారపు మురుగు పాఱిన కాలువగట్టున కోసిన ఆకును ఔషధమనుట మాకు సమ్మతము కాదు.

క్షయమాత్రలు వాడువారు పసరును నమ్మి మాత్రలు మానరాదు. మానిన వ్యాధి తిరుగబెట్టును, మందునకు లొంగకపోవచ్చును. ఆకలి చచ్చుట, వాంతులు, మూత్రము ముదురురంగు, కండ్లు పచ్చబడుట కనిపించిన ఆనాడే వైద్యుని చూడవలెను. ఏ మాత్ర నాపవలెనో, తిరిగి యెప్పుడు మొదలిడవలెనో రక్తపరీక్ష చూచి ఆయనయే నిర్ణయించును. పారాసిటమాల్ అధికముగా మింగినవారికి ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ అను విఱుగుడు కలదు. 8 గంటలలోపల నిచ్చిన మిక్కిలి గుణము. ఆసుపత్రికి పోవునపుడు మాత్రల అట్టతోపాటు, త్రాగిన పసరు ఆకును గూడ కొనిపోయి చూపవలెను.