మందు దారి, విషం దారి

“ఈ మందు మంచిదేనా?” అని అడిగేవారు అనేకులు. “ఇది శరీరంలో ఏ దారిన వెళ్ళి, ఎంతసేపటికి, ఎక్కడ పనిచేస్తుంది?” అని అడిగేవారు అరుదు. పాముకాట్లు అధికంగా ఉండే మా కృష్ణా డెల్టాలో ఈ రెండవ ప్రశ్న ప్రాణాలకు సంబంధించినది.

ద్రవ్యం పనిచేసే విధం

ఔషధ ద్రవ్యం చేసే పనిని మన శాస్త్రం రసం, గుణం, వీర్యం, విపాకం, ప్రభావం అనే ఐదింటితో వివరిస్తుంది. నాలుకకు తెలిసే రుచి రసం. గురుత్వం, లఘుత్వం మొదలైనవి గుణాలు. ఉష్ణం, శీతం మొదలైన శక్తి వీర్యం. జఠరాగ్నిచే పచనమైన పిదప కలిగే పరిణామం విపాకం. శొంఠి నాలుకకు కారమైనా విపాకంలో మధురం. ఉసిరిక పుల్లనిదైనా వీర్యంలో శీతం. చిత్రమూలం, దంతి రస వీర్య విపాకాలలో సమానమే. అయినా విరేచనం చేయించేది దంతి. అదే ప్రభావం.

మనం మ్రింగే కషాయమైనా, మాత్రయైనా జీర్ణమార్గం గుండానే లోనికి పోవాలి. అందుకు వ్యవధి కావాలి.

విషం తీరు వేరు

చరకుడు విషానికి పది గుణాలు చెప్పాడు. వాటిలో ‘ఆశు’ అంటే శీఘ్రంగా పనిచేసేది. ‘వ్యవాయి’ అంటే పచనం కాకముందే దేహమంతా వ్యాపించేది. కోర ద్వారా దిగిన విషానికి జీర్ణమార్గంతో పని లేదు. దానిని కడుపులో పోసిన పసరు ఎట్లా అందుకోగలదు?

నాగుపాము విషం నరం నుండి కండరానికి సందేశం అందే చోటును మూసివేస్తుంది. కట్లపాము విషం నరాల కొసలనే దెబ్బతీస్తుంది. రెండింటిలోనూ కనురెప్పలు వాలి, మాట తడబడి, శ్వాస ఆగిపోవచ్చు. రక్తపింజరి విషం రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలను హరిస్తుంది, మూత్రపిండాలను చెరుస్తుంది.

విరుగుడు ఎట్లా పనిచేస్తుంది?

గుర్రాలకు విషాన్ని స్వల్పమాత్రలలో ఎక్కించి, వాటి రక్తంలో పుట్టిన ప్రతిరక్షకాలతో విరుగుడు ఇంజక్షన్ తయారుచేస్తారు. మనదేశంలో వాడేది నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి విషాలకు ఉద్దేశించినది. సెలైన్ ద్వారా రక్తంలో చేరి, అక్కడ తిరుగుతున్న విషాన్ని అది బంధిస్తుంది. ఆ మందునే త్రాగిస్తే అన్నంవలె జీర్ణమై నిష్ఫలమవుతుంది. మందుకు దారి ఎంత ముఖ్యమో చూడండి!

పిల్లలకూ పెద్దలకూ మోతాదు ఒక్కటే. ఈ మందు లెక్క మనిషి బరువునుబట్టి కాదు, ఎక్కిన విషాన్నిబట్టి. ఇప్పటికే చెడిన నరాల కొసలను ఇది బాగుచేయలేదు. కనుక ఆలస్యం ప్రమాదకరం.

“పసరుతో బ్రతికారు కదా?”

కరిచే పాములలో అనేకం విషం లేనివి. విషసర్పం కూడా ఒక్కొక్కప్పుడు విషం దించకుండానే కరుస్తుంది. అట్టివారు ఏ పసరూ త్రాగకున్నా బ్రతుకుతారు. కీర్తి పసరుకు దక్కుతుంది. పల్లెలలో పాముకాటుకు వాడే ఈశ్వరి వేరులోని అరిస్టోలోకిక్ ఆమ్లం మూత్రపిండాలకు హానికరం. రక్తపింజరి కాటుకు అది తోడైతే గోరుచుట్టుపై రోకటిపోటే.

కృష్ణానది పాయల నడుమనున్న దివిసీమలో, వానలు పడి నాట్లు సాగే రోజులలో పాములు గట్లపైకి, ఇండ్లలోకి చేరుతాయి. 2018 ఆగస్టులో అక్కడ కాట్లు పెరగగా మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి ఆలయంలో సర్పశాంతి యాగం జరిగింది. భగవంతుని స్మరణ ధైర్యమిస్తుంది. చికిత్స మాత్రం ఆసుపత్రిలోనే జరగాలి.

పాఠకులు గుర్తుంచుకోవలసినవి

కాటు పడినవారిని నడిపించరాదు. కాటు పడిన అవయవాన్ని కదలనీయకుండా ఉంచాలి. ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీయాలి. పూర్వగ్రంథాలలో బంధనం చెప్పబడినా, బిగించి కట్టిన త్రాడువలన అవయవమే చెడుతుందని నేటి వైద్యం నిరూపించింది, కట్టరాదు. గాయాన్ని కోయరాదు, నోటితో పీల్చరాదు. పాము కోసం వెదకుతూ కాలం వృథా చేయరాదు. 108కి ఫోన్ చేసి, విరుగుడు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి.

కట్లపాము కాటుకు నొప్పి, వాపు లేకపోవచ్చు. నేలపై నిద్రించినవారికి తెల్లవారుజామున అకారణంగా కడుపునొప్పి వచ్చినా, రెప్పలు వాలినా అనుమానించండి. దోమతెర అంచులు పరుపు క్రింద దోపి పడుకోవడం మంచి రక్షణ.

వైద్యంలో రెండు మూడు దారులున్నాయి. ఏ వ్యాధికి ఏ దారి తగినదో ఎరిగి చెప్పడమే వైద్యుని ధర్మం. పాముకాటుకు దారి ఒక్కటే: ఆసుపత్రి.