వారంలో మెరుపు, ఆర్నెల్లకు మంట: మొటిమలకు షాపు ట్యూబులతో ముప్పు

(మా గ్రామీణ విలేఖరి)

మొటిమలు ప్రాణం తీసే జబ్బు కాదు. అందుకే ఇంట్లో పెద్దలు దానిని జబ్బుగా లెక్కపెట్టరు. "వయసు పొంగు, పెళ్లయితే అవే పోతాయి" అని కొట్టిపారేస్తారు. కానీ తొమ్మిదో తరగతి మొదలు డిగ్రీ దాకా చదివే పిల్లలకు అదెంత దిగులో వారికే తెలుసు. ఫోటో దిగాలంటే జంకు. నలుగురిలోకి రావాలంటే జంకు. ఇక పెళ్లిచూపుల మాట వచ్చిందంటే తల్లిదండ్రులకు సైతం ఒక్కసారిగా ఆ మొటిమలు కనిపిస్తాయి. అప్పటిదాకా పట్టించుకోని వారు నెల రోజుల్లో ముఖం నున్నగా కావాలంటారు.

ఈ దిగులుతో మన పిల్లలు మొదట వెళ్లేది డాక్టరు దగ్గరికి కాదు, మందుల షాపుకు. "అన్నా, మొటిమలకు మంచి ట్యూబు ఏదైనా ఇవ్వు" అని అడగడం, ఆయన బీరువాలోంచి ఒకటి తీసి ఇవ్వడం, రెండు నిముషాల్లో పని అయిపోతుంది. షాపుకు పోవడానికి సిగ్గుపడే ఆడపిల్లలు స్నేహితురాలు వాడిన ట్యూబు పేరు రాయించుకుని తమ్ముణ్ణి పంపుతారు. ఇప్పుడైతే సెల్‌ఫోనులో ట్యూబు ఫోటోయే పంపుతున్నారు.

పూసిన నాలుగైదు రోజులకే ఎరుపు తగ్గుతుంది. వాపు అణుగుతుంది. ముఖం కాస్త తెల్లబడినట్టు కూడా ఉంటుంది. ఇంటిల్లిపాదికీ సంతోషం. పక్కింటి పిల్లకూ అదే ట్యూబు చేరుతుంది.

అసలు చిక్కంతా ఇక్కడే ఉన్నది. ఇలా చేతులు మారే ట్యూబుల్లో చాలావాటిలో ఉండే మందు స్టెరాయిడ్. ఎగ్జిమా వంటి కొన్ని చర్మ వ్యాధులకు అది మంచి మందే. డాక్టరు చెప్పిన చోట, చెప్పినన్ని రోజులు పూస్తే మేలు చేస్తుంది. మొటిమలకు మాత్రం అది మందు కాదు. వాపును కప్పిపెడుతుందే తప్ప మొటిమ పుట్టే కారణాన్ని ముట్టదు. వారాల తరబడి పూస్తే ముఖం మీది చర్మం పలచబడుతుంది. బుగ్గల మీద సన్నని ఎర్ర నరాలు బయటపడతాయి. ఎండలోకి వెళితే భగ్గుమని మండుతుంది. ఆడపిల్లలకు నూగు వెంట్రుకలు మొలుస్తాయి. విచిత్రమేమంటే, స్టెరాయిడ్ వల్లనే కొత్తగా మొటిమలు గుంపులు గుంపులుగా లేస్తాయి.

భయపడి ట్యూబు మానేస్తే రెండు మూడు రోజుల్లో ముఖం ఎర్రగా పొంగి దురద, మంట మొదలవుతాయి. మళ్లీ పూస్తే తగ్గుతుంది. ఇంకేముంది, ట్యూబు లేనిదే గడవని స్థితి వస్తుంది. సారాయి అలవాటుకూ దీనికీ పెద్ద తేడా లేదు. చర్మ వైద్యులు ఈ అవస్థకు 'స్టెరాయిడ్‌తో దెబ్బతిన్న ముఖం' అని ప్రత్యేకంగా ఒక పేరే పెట్టుకున్నారు.

ఇది ఏదో ఒక ఊరి ముచ్చట కాదు. దేశంలో 12 ఆసుపత్రుల చర్మ వైద్యులు కలిసి చేసిన పరిశీలన 2011లో అచ్చయింది. ముఖం మీద చర్మ బాధలతో వచ్చిన 2,926 మందిని వారు చూడగా, 433 మంది అప్పటికే స్టెరాయిడ్ పూతలు వాడుతున్నారు. వారిలో సగానికి పైగా మందికి ఆ పూతను సూచించింది డాక్టరు కాదు. కొందరు మొటిమలకు పూస్తుంటే, మరికొందరు రంగు తేలడానికి రోజూ స్నో రాసినట్టు రాసుకుంటున్నారు.

చర్మ వైద్యుల సంఘం ఏళ్ల తరబడి మొరపెట్టుకోగా, 2018లో కేంద్ర ఆరోగ్య శాఖ 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదని ఉత్తర్వు ఇచ్చింది. ఉత్తర్వు ఢిల్లీలో ఉంటుంది, ట్యూబు మన వీధి చివర దొరుకుతుంది. కొనేవారే ఒక్క క్షణం ఆగి ట్యూబు మీద అక్షరాలు చదువుకోవడం మేలు. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్, డెక్సామెథసోన్: ఈ పేర్లలో ఏది కనిపించినా అది స్టెరాయిడ్ అని తెలుసుకోవాలి. చీటీ మీద మాత్రమే అమ్మవలసిన మందుకు ఎడమ పక్క పైభాగాన ఆర్‌ఎక్స్ గుర్తు ఉంటుంది. మూడు మందులు కలిపిన 'తెల్లబరిచే' క్రీములతో మరీ జాగ్రత్తగా ఉండాలి. వాటిలో ఒకటి తరచు స్టెరాయిడే.

బోర్డు చూసి వెనక్కి

సరైన వైద్యం దొరకదా అంటే, దొరుకుతుంది. వైద్య కళాశాలలకు అనుబంధంగా ఉన్న ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మ విభాగం ఉంటుంది. మన గుంటూరు సర్వజనాసుపత్రిలో ఉన్నది. విశాఖ కింగ్ జార్జి, హైదరాబాదు ఉస్మానియా, గాంధీ, వరంగల్లు ఎం.జి.ఎం.లలోనూ ఉన్నది. ఓపీ చీటీ రాయించుకుంటే చాలు. ఫార్మసీలో ఉన్న మందు ఉచితంగా ఇస్తారు, లేనిది బయట కొనుక్కోవాలి.

అయినా పిల్లలు అక్కడికి పోరు. కారణం బోర్డు. ఆ విభాగం పూర్తి పేరులో చర్మ వ్యాధులతో పాటు సుఖ వ్యాధులు, కుష్ఠు కూడా ఉన్నవి. పెళ్లి కావలసిన పిల్లను ఆ బోర్డు కింద బెంచీ మీద కూర్చోబెట్టడానికి ఏ తల్లి ముందుకు వస్తుంది? ఎవరైనా చుట్టాలు చూస్తే ఏమనుకుంటారోనని భయం. ఆ బెంచీ మీద కూర్చున్నవారిలో అత్యధికులు దురద, బొల్లి, మొటిమలు, జుట్టు ఊడడం వంటి వాటికి వచ్చినవారే. ఈ సంగతి ఒకసారి లోపలికి వెళ్లివస్తేగాని తెలియదు. మొటిమల వారికి వేరే రోజో, వేరే గదో కేటాయిస్తే ఎంత మేలు!

లోపల డాక్టరు చేసేదేమిటి?

మొటిమ అంటే మురికి కాదు. చర్మంలో వెంట్రుక పుట్టే ప్రతి రంధ్రం పక్కనా ఒక చిన్న నూనె గ్రంథి ఉంటుంది. ఈడు వచ్చేసరికి మగపిల్లలకూ ఆడపిల్లలకూ కొన్ని హార్మోన్లు పెరిగి ఆ గ్రంథి ఎక్కువ జిడ్డు వదులుతుంది. రంధ్రం మూతి పూడుకుపోతుంది. లోపల సూక్ష్మజీవులు పెరిగి వాపు, చీము వస్తాయి. నల్లమొనల నలుపు కూడా దుమ్ము కాదు, కాబట్టి రోజుకు పదిసార్లు సబ్బుతో తోమినా పోదు. పైగా చర్మం రేగుతుంది. రోజుకు రెండుసార్లు మెత్తని సబ్బుతో కడుక్కుంటే సరిపోతుంది.

నల్లమొనలు, తెల్లమొనలు మాత్రమే ఉన్నవారికి రాత్రిపూట పూసుకునే అడాపలిన్ లేదా ట్రెటినాయిన్ అనే పూత ఇస్తారు. ఇది రంధ్రం మూతిని తెరుస్తుంది. మనవాళ్లు చేసే పొరపాటు, మొటిమ లేచిన చోట మాత్రమే చుక్కలా పెట్టడం. బఠాణీ గింజంత తీసుకుని కళ్లు, పెదవులు తప్పించి ముఖమంతా పలచగా రాయాలి. మొదటి రెండు మూడు వారాలు చర్మం పొడిబారి పొట్టు లేస్తుంది, కొంచెం మండుతుంది. "ఇది మనకు పడలేదు" అని అక్కడే మానేసేవారు ఎందరో! డాక్టరుతో చెబితే రోజు విడిచి రోజు రాయమంటారు. గర్భిణులు ఈ పూతలు వాడరాదు.

ఎర్రని చీము మొటిమలుంటే బెంజాయిల్ పెరాక్సైడ్ పూత కలుపుతారు. మంచి మందే కాని రంగు బట్టల పాలిట శత్రువు. తువ్వాలు, దిండు గలీబు, చున్నీ ఏది తగిలినా తెల్లమచ్చలు పడతాయి. వాడినన్నాళ్లు పాత తెల్ల తువ్వాలు పెట్టుకోవడం ఉత్తమం.

ఇంకా ఎక్కువగా ఉంటే డాక్సీసైక్లిన్ వంటి మాత్రలు రాస్తారు. మూడు నాలుగు నెలలకు మించి వాడనివ్వరు, పూతమందు లేకుండా ఒంటరిగానూ ఇవ్వరు. క్రిములు ఆ మందుకు అలవాటు పడి లొంగకుండా పోవడమే దీనికి కారణం. ఈ మాత్రను గ్లాసెడు నీళ్లతో వేసుకోవాలి. గుక్కెడు నీళ్లతో మింగి వెంటనే పడుకుంటే ఆహారనాళంలో పుండు పడుతుంది. ఎండకు చర్మం తొందరగా కములుతుంది కనుక మిరప కోతలకు, పొలం పనులకు వెళ్లేవారు ఆ విషయం డాక్టరుకు ముందే చెప్పాలి.

వీటన్నిటికీ ఓపిక కావాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలు గడిస్తేగాని తేడా కనిపించదు, మూడు నెలలకు బాగా తెలుస్తుంది. వారంలో మెరిపించే స్టెరాయిడ్ ముందు ఈ మందులు ఓడిపోతున్నది ఈ ఒక్క విషయంలోనే.

లగ్నం పెట్టుకున్నారా? ముందే చెప్పండి

గోలీల్లా గట్టిపడిన గడ్డలు, గుంటలు పడుతున్న మొటిమలకు ఐసోట్రెటినాయిన్ అనే గొట్టం మాత్ర ఉన్నది. నూనె గ్రంథినే కుదించివేసే మందు ఇది. మనిషి బరువును బట్టి మోతాదు లెక్కగట్టి సుమారు ఆరు నెలలు ఇస్తారు. పెదవులు ఎండిపోయి పగులుతాయి. కాలేయానికి, కొవ్వుకు రక్త పరీక్షలు చేయిస్తారు. ఇది వాడేటప్పుడు డాక్సీసైక్లిన్ కలిపి వేసుకోరాదు, రక్తదానం చేయరాదు.

అన్నిటికంటె పెద్ద సంగతి మరొకటి ఉన్నది. ఈ మాత్ర వాడుతున్న స్త్రీ గర్భం దాల్చితే బిడ్డ మెదడు, గుండె, ముఖం, చెవులకు ఘోరమైన లోపాలు రావచ్చు. అమెరికాలో 1982లో దీనికి అనుమతి ఇచ్చారు. కొద్దికాలానికే అటువంటి శిశువుల సంగతి బయటపడింది. 2006 నుంచి అక్కడ గర్భ పరీక్ష చేయనిదే ఆడవారికి నెల మందు చేతికివ్వని పద్ధతి పెట్టారు. మాత్ర ఆపిన తరువాత కూడా నెల రోజులు గర్భం రాకూడదు.

మన వైపు పిల్లకు మొటిమల వైద్యం గుర్తుకు వచ్చేదే పెళ్లి కుదిరే ముందు! లగ్నం రెండు నెలలుందనగా మాత్రలు మొదలుపెట్టి, పెళ్లయ్యాక కూడా మిగిలినవి మింగుతూ పోతే ఏమవుతుందో ఆలోచించవలసిన విషయం. తల్లి పక్కన ఉండగా పిల్ల నోరు విప్పదు, పెళ్లి మాట ఇంకా బయట పెట్టలేదని తల్లి చెప్పదు. డాక్టరుకు తెలిసే దారేది? అందుకే లగ్నం సంగతి మొదటి రోజే చెప్పాలి. ఇటువంటి మందును స్నేహితురాలి చీటీ చూపించి కొనుక్కోవడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర లేదు.

నెలసరి తప్పుతూ, గడ్డం మీద వెంట్రుకలు, దవడల వెంట మొటిమలు ఉన్న యువతులకు అండాశయాల్లో నీటిబుడగల సమస్య ఉన్నదేమో చూస్తారు. స్కానింగుకు పంపవచ్చు, హార్మోను మాత్రలు రాయవచ్చు. వాటిలో కొన్ని గర్భనిరోధక మాత్రలే. పెళ్లికాని పిల్లకు ఆ మాత్రలేమిటని ఇంట్లో గొడవ పడి మాన్పించడం వల్ల నష్టపోయేది పిల్లే.

మచ్చ వేరు, గుంట వేరు

మొటిమ మానాక మిగిలే నల్లమచ్చ కొన్ని నెలల్లో దానంతట అదే పలచబడుతుంది. ఎండ తగలకుండా సన్‌స్క్రీన్ పూయాలి, గిల్లకూడదు. గుంట మాత్రం పూతలకు పూడదు. దానికి సన్నని సూదులతో గుచ్చడం, గుంట అడుగున పోగులు తెంచడం, గాఢమైన ఆమ్లాన్ని గుంటలో చుక్కగా పెట్టడం, లేజర్ వంటి పద్ధతులు ఉన్నవి. ఒక్క విడతతో కాదు, నాలుగైదు విడతలు పట్టవచ్చు. పూర్తిగా పూడుతుందని మంచి డాక్టరు ఎవరూ హామీ ఇవ్వరు. లేస్తున్న మొటిమలు అదుపులోకి వచ్చాకనే వీటి మాట. మన చామనఛాయ చర్మానికి లేజర్ చేయి తిరిగినవారు చేయకపోతే కొత్త నలుపు తెచ్చిపెడుతుంది.

సాలిసిలిక్ ఆమ్లంతో పై పొర తీసే 'పీలింగు' మొటిమలకు కొంత ఉపయోగపడుతుంది, కాని మందులకు తోడుగానే. బ్యూటీ పార్లరులో నూనె క్రీములతో గట్టిగా మర్దన చేసే ఫేషియల్ రంధ్రాలను ఇంకా పూడుస్తుంది. క్లినిక్ గోడ మీద ఎంత పెద్ద అక్షరాలున్నా, చర్మ విభాగంలో ఎం.డి. గాని డిప్లొమా గాని ఉన్నదా అని చూసుకోవాలి. కాస్మటాలజిస్టు అని రాసుకున్నంత మాత్రాన చర్మ వైద్యుడు అయినట్టు కాదు.

మామిడిపండు తింటే వేడి చేసి మొటిమలు వస్తాయని మన ఇళ్లలో వేసవి అంతా తగువే. దానికి రుజువు లేదు. తీపి పానీయాలు, మైదా తినుబండారాలు, కొందరిలో పాలు మొటిమలను పెంచవచ్చని పరిశీలనలు సూచిస్తున్నవి. వ్యాయామశాలల్లో యువకులు తాగే ప్రోటీను పొడి, కండలకోసం వేయించుకునే ఇంజెక్షన్లు కూడా కారణం కావచ్చు. క్షయకు వాడే ఐసోనియజిడ్, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ మాత్రలతోనూ ఇటువంటి పొక్కులు వస్తాయి. అలాగని వాటిని సొంతంగా మానడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

ఇప్పటికే స్టెరాయిడ్ ట్యూబుకు అలవాటు పడినవారు ఒక్కసారిగా మానేసి ఇంట్లో కూర్చోక డాక్టరును కలవాలి. నెమ్మదిగా తగ్గించే దారి, మంటకు ఉపశమనం ఆయన చూపిస్తారు. నెలలు పట్టినా చాలామందికి ముఖం కుదుటపడుతుంది. వెళ్లేటప్పుడు పౌడరు రాసుకోకుండా వెళ్లాలి. ఇంతవరకు వాడిన ట్యూబులన్నీ, ఖాళీవి సైతం, ఒక సంచిలో వేసుకుని పట్టుకెళ్లాలి. పేరు గుర్తు లేకపోయినా ట్యూబు చూస్తే డాక్టరుకు తెలిసిపోతుంది.