చేతికి ట్యూబు కడితే కండలొస్తాయా?

పోయిన సెమిస్టర్‌లో ఒక సాయంత్రం జిమ్‌కి వెళ్లేసరికి మా రూమ్మేట్ రెండు చేతులకీ భుజం కింద సైకిల్ ట్యూబు ముక్కలు బిగించి కట్టుకుని డంబెల్స్ ఎత్తుతున్నాడు. చేతులు నేరేడు పండు రంగులోకి వచ్చేసాయి.

"ఏట్రా అది?" అన్నా.

"బీఎఫ్‌ఆర్ రా. నీకు తెల్దులే. 5 కేజీలు ఎత్తినా 20 కేజీలు ఎత్తినట్టే. రీల్‌లో చూసాను."

ఆ రాత్రి మెస్‌లో అన్నం కలుపుకోడానికి వాడి వేళ్లు సరిగ్గా వంగలేదు. రెండ్రోజులు కుడిచేతి తిమ్మిరి పోలేదు. "ఇంట్లో చెప్పకురా" అని మాత్రం పదిసార్లు అన్నాడు. వాడిది ఉద్దానంలో, కవిటి దగ్గర ఊరు.

వాడిని తిట్టడానికి పాయింట్లు దొరుకుతాయని చదవడం మొదలుపెట్టా. తీరా చూస్తే వాడు చెప్పిందాంట్లో సగం నిజం! బీఎఫ్‌ఆర్, అంటే బ్లడ్ ఫ్లో రిస్ట్రిక్షన్ ట్రైనింగ్, నిజంగానే ఉంది. ఒలింపిక్ క్రీడాకారులు వాడుతున్నారు, మోకాలి ఆపరేషన్ అయినవాళ్లకి ఫిజియోథెరపిస్టులు చేయిస్తున్నారు. వాడికి తెలియని మిగతా సగం గురించే ఈ వ్యాసం.

మడిలో నీళ్లు నిలబెట్టినట్టు

గుండె నుంచి కండకి రక్తం తెచ్చేవి ధమనులు. తిరిగి తీసుకెళ్లేవి సిరలు. ధమనులు లోతుగా ఉంటాయి, గోడలు మందం, లోపల ఒత్తిడి ఎక్కువ. సిరలు పలచన, ఒత్తిడి తక్కువ. అందుకే చేతికో తొడకో పైన పట్టీ కట్టి మెల్లగా బిగిస్తూ పోతే ముందు మూసుకునేవి సిరలే.

వరి మడికి నీళ్లు పెట్టి, అవతలి గట్టుకి ఉన్న గండి మూసేస్తే ఏమవుతుంది? వచ్చే నీరు కొంచెం కొంచెం వస్తూనే ఉంటుంది, పోయే దారి లేక నిలబడిపోతుంది. బీఎఫ్‌ఆర్‌లో జరిగేది అదే. రక్తం లోపలికి తగ్గి వస్తుంది, బయటికి సరిగ్గా పోదు. లోపలికి రావడం కూడా పూర్తిగా ఆగిపోతే అది ట్రైనింగ్ కాదు, గాయం దగ్గర రక్తం ఆపడానికి కట్టే కట్టు. రెండింటికీ మధ్య గీత చాలా సన్నం. ఆ గీత ఎక్కడుందో తెలియాలంటే కొలవాలి.

కాళ్లు తిమ్మిరెక్కితే పుట్టిన ఐడియా

దీన్ని మొదలుపెట్టింది జపాన్‌కి చెందిన యోషియాకి సాటో. 1966లో ఒక బౌద్ధ కార్యక్రమంలో మోకాళ్లు మడిచి చాలాసేపు కూర్చున్నాడట. పిక్కలు తిమ్మిరెక్కి పట్టేసాయి. మన ఇళ్లలో సత్యనారాయణ వ్రతం కథ ఐదు అధ్యాయాలూ అయ్యేసరికి మన కాళ్లూ అలాగే అవుతాయి కదా. మనం కాళ్లు విదుల్చుకుని ప్రసాదం వైపు వెళ్లిపోతాం. ఆయనకి మాత్రం ఆ నొప్పి బరువులు ఎత్తినప్పుడు వచ్చే నొప్పిలాగే ఉందే అనిపించింది. రక్తం తగ్గడం వల్లేనేమో అని తన మీదే ప్రయోగాలు మొదలుపెట్టాడు.

1973లో స్కీయింగ్ చేస్తూ పడి మడమ దగ్గర ఎముక విరగ్గొట్టుకున్నాడు. కాలికి కట్టు వేసాక కండ కరిగిపోవడం మామూలే. ఆయన తొడకి పట్టీ బిగిస్తూ, వదుల్తూ చిన్న చిన్న కదలికలు చేసాడు. కండ పెద్దగా తగ్గలేదు. ఆ పద్ధతికి 'కాట్సు' అని పేరు పెట్టాడు. జపనీస్‌లో ఒత్తిడి చేర్చడం అని అర్థం. ఇప్పటి బీఎఫ్‌ఆర్‌కి మూలం అదే.

తక్కువ బరువుతో కండ ఎలా పెరుగుతుంది?

మన కండరాల్లో స్థూలంగా రెండు రకాల పోగులు ఉంటాయి. నెమ్మదిగా, చాలాసేపు పనిచేసేవి ఒక రకం. వాటికి ఆక్సిజన్ కావాలి. బలంగా, వేగంగా పనిచేసి త్వరగా అలిసిపోయేవి రెండో రకం. పెద్దగా పెరిగేవి ముఖ్యంగా ఈ రెండో రకమే.

శరీరం పిసినారి. తేలిక పనికి మొదటి రకాన్నే పంపిస్తుంది. భారీ బరువు వస్తేనో, మొదటి రకం అలిసిపోతేనో రెండో రకాన్ని పిలుస్తుంది. మా బ్రాంచ్ భాషలో చెప్పాలంటే మొదటి సర్వర్ మీద లోడ్ నిండితే గాని రెండో సర్వర్ లేవదు.

పట్టీ కట్టినప్పుడు కండకి ఆక్సిజన్ తగ్గుతుంది, లాక్టేట్ లాంటివి బయటికి పోక అక్కడే పోగవుతాయి. మొదటి రకం పోగులు తొందరగా చేతులెత్తేస్తాయి. బరువు చిన్నదే అయినా రెండో రకం రంగంలోకి దిగాల్సి వస్తుంది. దానికి తోడు నిలిచిపోయిన ద్రవంతో కణాలు ఉబ్బుతాయి. ఈ ఉబ్బడం కూడా కండ పెరగడానికి ఒక సంకేతమని పరిశోధకులు అనుకుంటున్నారు.

లెక్కలు ఇలా ఉంటాయి. మామూలుగా బలం పెరగాలంటే మనం ఒక్కసారి ఎత్తగలిగే గరిష్ఠ బరువులో సుమారు 70 శాతం, ఆ పైన వాడతారు. బీఎఫ్‌ఆర్‌లో 20 నుంచి 30 శాతం చాలు. 100 కేజీల స్క్వాట్ చేయగలిగినవాడికి 20 నుంచి 30 కేజీలే. ఎక్కువమంది వాడే పద్ధతిలో మొదటి సెట్ 30 సార్లు, తర్వాత మూడు సెట్లు 15 చొప్పున, మొత్తం 75. మధ్యలో విశ్రాంతి 30 సెకన్లే. ఒక వ్యాయామం అయిపోగానే పట్టీ వదిలేయాలి.

మరి బరువులు పక్కన పడేయొచ్చా? లేదు. కండ సైజు పెరగడంలో రెండు పద్ధతులూ ఇంచుమించు సమానంగా వస్తున్నాయి. బలం పెరగడంలో మాత్రం భారీ బరువుదే పైచేయి. 5 కేజీలు ఎత్తితే 20 కేజీలు ఎత్తినట్టే అన్న మా వాడి రీల్ సూత్రం అక్కడే తప్పింది.

మన దగ్గర ఎవరికి పనికొస్తుంది?

మనది బరువులెత్తే నేల. కోడి రామ్మూర్తి నాయుడు పుట్టిన వీరఘట్టం ఇక్కడే. ఒంటికి చుట్టిన ఇనప గొలుసుల్ని ఊపిరి బిగించి తెంచేవాడని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 110, 130 కేజీలు, మొత్తం 240 కేజీలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆవిడే. నెల్లిమర్ల మండలం కొండవెలగాడ అయితే లిఫ్టర్ల ఊరనే పేరు. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కేజీల విభాగంలో కాంస్యం గెలిచింది. మొదటి స్థానంలో వచ్చిన నైజీరియా అమ్మాయి డోపింగ్‌లో దొరకడంతో అది రజతమైంది.

ఇలాంటి ఊళ్లలో పదిహేనేళ్లకే బార్ పట్టుకునే పిల్లలకి మోకాలో, భుజమో, నడుమో దెబ్బ తింటే అసలు సమస్య మొదలవుతుంది. మోకాలి లిగమెంట్ ఆపరేషన్ అయ్యాక కొన్ని వారాలు బరువు ఎత్తకూడదు. ఎత్తకపోతే తొడ కండ కరిగిపోతుంది. కరిగిన కండతో మళ్లీ ఆటలోకి దిగితే మళ్లీ దెబ్బ. కబడ్డీ ఆడే పిల్లలదీ ఇదే కథ. బీఎఫ్‌ఆర్ అసలు విలువ ఇక్కడే ఉంది. కీలు మీద భారం వేయకుండా కండని నిలబెట్టే మార్గం అది. దెబ్బ తగిలినవాడికి అది కర్ర లాంటిది. కాళ్లు బాగున్నవాడు కర్ర పట్టుకుంటే వేగం పెరగదు.

కఫ్‌కీ ట్యూబుకీ తేడా

ఫిజియోలు వాడేది బీపీ చూసే పట్టీలాంటి వెడల్పాటి కఫ్. ముందుగా ఆ మనిషికి, ఆ చేతికి రక్తం పూర్తిగా ఆగిపోయే ఒత్తిడి ఎంతో డాప్లర్‌తో గానీ, ఆటోమేటిక్ యంత్రంతో గానీ కొలుస్తారు. అందులో 40 నుంచి 80 శాతం మాత్రమే పెడతారు. చేతులకి తక్కువ, కాళ్లకి ఎక్కువ. లావు చేతికి ఒక లెక్క, సన్న చేతికి ఇంకో లెక్క.

సైకిల్ ట్యూబుకి మీటర్ లేదు. ఇద్దరికి ఒకేలా బిగించినా ఒకరికి ఏమీ కాదు, ఇంకొకరికి ధమనే మూసుకుపోవచ్చు. పైగా సన్నటి రబ్బరు ఒకేచోట కోసుకున్నట్టు నొక్కుతుంది, కింద ఉన్న నరం నలుగుతుంది. మా వాడి వేళ్ల తిమ్మిరికి కారణం అదే అయ్యుండాలి. పాము కరిస్తే పైన తాడు బిగించి కట్టడం మన పల్లెల్లో ఇంకా ఉంది. వద్దని డాక్టర్లు మొత్తుకునేది కూడా ఇందుకే. రక్తం అందక ఆ కాలే పాడైపోతుంది.

కొందరు కొలిచినా సరే, డాక్టర్‌ని అడగకుండా చేయకూడదు. రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు, బీపీ ఎక్కువున్నవాళ్లు, కాళ్లలో సిరలు ఉబ్బినవాళ్లు, గర్భిణులు. మన ఏజెన్సీ ప్రాంతాల్లో కనిపించే సికిల్ సెల్ ఉన్నవాళ్లు మరీ ముఖ్యం. ఆ జబ్బులో ఆక్సిజన్ తగ్గితేనే ఎర్రకణాలు కొడవలిలా వంగి ఇరుక్కుంటాయి. బీఎఫ్‌ఆర్ చేసే పనే ఆక్సిజన్ తగ్గించడం.

ఇంకొకటుంది. అలవాటు లేకుండా మొదటిరోజే విపరీతంగా చేస్తే కండ చిట్లి, అందులోని మయోగ్లోబిన్ రక్తంలో కలుస్తుంది. దాన్ని రాబ్డోమయోలిసిస్ అంటారు. మూత్రం డికాషన్ రంగులో వస్తుంది. బీఎఫ్‌ఆర్‌తో ఇది అరుదే, కానీ జరిగిన కేసులున్నాయి. అప్పుడు ఆ భారమంతా పడేది కిడ్నీల మీద.

ఇది చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది కండలు కాదు, కవిటి. సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు... ఉద్దానంలో షుగరూ బీపీ లేనివాళ్లకి కూడా కిడ్నీలు పోతున్నాయి. పలాసలో 2023 డిసెంబర్‌లో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరవాల్సి వచ్చింది. మా వాడి పెదనాన్న డయాలసిస్ మీదే ఉన్నారు.

ఆ రాత్రి వాడికి తిట్లేవీ పెట్టలేదు. ఈ ఒక్క పేరా చదివి వినిపించా. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మూత్రం రంగు బాగానే ఉందిలేరా" అన్నాడు నవ్వుతూ. మర్నాడు మాత్రం వాడే వెళ్లి క్రియాటినిన్ పరీక్ష చేయించుకున్నాడు. నార్మల్. రిపోర్ట్ ఫొటో తీసి ఇంటికి కూడా పంపాడు, ఎందుకు చేయించుకున్నాడో చెప్పకుండా.

ఇప్పుడు జిమ్‌లో మామూలుగానే ఎత్తుతున్నాడు, వారానికి కొంచెం కొంచెం పెంచుకుంటూ. ఆ ట్యూబు ముక్కలు మా గదిలో విరిగిన బకెట్ పిడికి చుట్టి ఉన్నాయి. అక్కడ బాగా పనిచేస్తున్నాయి.