కారంటే భయం, గోడలోని సాకెట్‌పై ధీమా

కరెంటు కారు కొన్నామని చెప్పగానే మానుకోట (మహబూబాబాద్)లో వచ్చే మొదటి ప్రశ్న ‘వానల షాక్ కొట్టదా?’ రెండోది ‘పేలదా?’ ఇంట్లో ఎర్తింగ్ సరిగ్గా ఉందా అని అడిగే మనిషి మాత్రం దాదాపు కనిపించడు. నిజానికి ముందు అడగాల్సింది అదే.

2024 నవంబరు 18న అమల్లోకి వచ్చిన రాష్ట్ర విధానం ప్రకారం 2026 డిసెంబరు 31 దాకా విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. ఆ కార్లు హైదరాబాద్ దాటి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు వస్తున్నాయి. అపోహలు మాత్రం వాటికన్నా ముందే వచ్చి కూర్చున్నాయి.

అపోహ: ఏసీ నడిచే సాకెట్ ఉంటే కారుకూ సరిపోతుంది.

ఏసీ కంప్రెసర్ కాసేపు నడుస్తుంది, కాసేపు ఆగుతుంది. కారు అలా కాదు. 24 యూనిట్లు పట్టే టియాగో ఈవీ లాంటి చిన్న కారు కూడా ఇంటి సాకెట్ నుంచి నిండడానికి రాత్రంతా తీసుకుంటుంది. ఆ గంటలన్నీ పది నుంచి పదిహేను ఆంపియర్ల కరెంటు ఆగకుండా పారుతూనే ఉంటుంది. పాత సాకెట్‌లో స్క్రూ కొంచెం వదులైనా చాలు, అక్కడ వేడి పుట్టి ప్లగ్గు పిన్నులు గోధుమ రంగుకు తిరుగుతాయి. అందుకే మీటరు బోర్డు నుంచి కారుకు విడిగా ఒక లైను లాగించాలి. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, దానికి సొంత ఎంసీబీ, కరెంటు లీకైతే సరఫరా తెంచే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు ఊసే వద్దు. చార్జింగ్ మొదలైన అరగంటకు ప్లగ్గు పైభాగాన్ని చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

అపోహ: ఎర్త్ లేకపోతే ఏముంది, న్యూట్రల్ కలిపేస్తే నడుస్తుంది.

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. కారుతో వచ్చే చార్జర్ ముందు ఎర్త్ ఉందో లేదో చూసుకుంటుంది, లేకపోతే ఎర్ర లైటు వెలిగించి మొండికేస్తుంది. అప్పుడు కొందరు సాకెట్ విప్పి న్యూట్రల్ నుంచి ఎర్త్ పిన్నుకు చిన్న వైరు ముక్క కలుపుతారు. ఎర్ర లైటు పోతుంది, కారు చార్జ్ అవుతుంది, అందరూ సంతోషం. గాలిదుమారానికి స్తంభం దగ్గర న్యూట్రల్ ఊడిన రోజున అసలు కథ మొదలవుతుంది. ఇంట్లో తిరుగుతున్న ఫ్యాను, టీవీల గుండా వచ్చిన ఫేజు ఆ వైరు ముక్క మీదుగా కారు బాడీలోకి ఎక్కుతుంది. తడి నేల మీద చెప్పులు లేకుండా నిలబడి డోరు పట్టుకున్నవారి గతి చెప్పనక్కర్లేదు. మొండికేసిన చార్జర్ మన ప్రాణం కోసమే మొండికేసింది.

టెస్ట్ లైటు వెలిగిందని ఎర్త్ బాగున్నట్టు కాదు. చిన్న ఎల్‌ఈడీ బల్బు పనికిరాని ఎర్త్ మీద కూడా వెలుగుతుంది. ఎర్త్ టెస్టర్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తో కొలిపించాలి, 5 ఓమ్‌ల లోపు ఉంటే నిశ్చింత. ఎండాకాలంలో నేల ఎండిపోతే ఎర్త్ బలహీనపడుతుంది కాబట్టి అప్పుడప్పుడూ ఎర్త్ గుంతలో బకెట్ నీళ్లు పోయడం యజమాని సొంతంగా చేసుకోగల పని. భూపాలపల్లి జిల్లా చెల్పూరులో కాకతీయ థర్మల్ కేంద్రం 1100 మెగావాట్లు పుట్టిస్తోంది, మనకేమో సొంత ఇంటి ఎర్త్ గుంత ఎక్కడుందో తెలియదు!

అపోహ: వానలో చార్జింగ్ పెడితే షాక్ కొడుతుంది, నీళ్లలో దిగితే కారు పోయినట్టే.

మొదటి సగం తప్పు. చార్జింగ్ గన్ను కారులో సరిగ్గా కూర్చుని, చార్జరూ కారూ సంకేతాలు మార్చుకున్నాకే కరెంటు పారుతుంది. తడవకూడనిది గోడ వైపున్న ప్లగ్గు. పిడుగులు పడుతుంటే మాత్రం ప్లగ్గు తీసేయడం మేలు.

రెండో సగంలో కొంత నిజం ఉంది. బ్యాటరీ పెట్టెకు ఐపీ67 అని రాసి ఉంటే, ఒక మీటరు లోతు నీళ్లలో అరగంట ఉంచినా లోపలికి నీరు చేరదని అర్థం. అది కొత్త పెట్టెకు, నిలకడ నీళ్లలో జరిపే పరీక్ష. వాగు వేరు. 2024 సెప్టెంబరు 1న కేసముద్రం–ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కంకరనే వరద ఊడ్చుకుపోయింది. అదే వరదలో మరిపెడ మండలం పురుషోత్తమాయగూడెం దగ్గర ఆకేరు ఒక కారును లాక్కుపోయింది. పారే నీళ్ల ముందు డీజిలా, కరెంటా అన్న తేడా లేదు. నీళ్లలో మునిగి తేలిన కారును స్టార్ట్ చేయొద్దు, చార్జింగ్ పెట్టొద్దు, ఇంటికి ఆనించి నిలపొద్దు. లోపల చేరిన తడి కొన్ని రోజుల తర్వాత కూడా నిప్పు పుట్టించగలదు. సర్వీస్ సెంటర్‌కు చేర్చేటప్పుడు నాలుగు చక్రాలూ లారీ మీదకు ఎక్కాల్సిందే. తాడు కట్టి లాగితే చక్రాలతో పాటు మోటారూ తిరిగి కరెంటు పుట్టిస్తుంది.

అపోహ: ఆఫ్ చేస్తే కరెంటు ఉండదు, మన మెకానిక్కే విప్పేస్తాడు.

నారింజ రంగు కేబుళ్లు కనిపించాయంటే అవి వందల వోల్టులవి. కారు ఆపినా బ్యాటరీ పెట్టెలో ఆ వోల్టేజీ అలాగే ఉంటుంది. సరఫరా తెంపిన తర్వాత కూడా కెపాసిటర్లలో కొన్ని నిమిషాలు చార్జ్ మిగులుతుంది. శిక్షణ పొందినవారే 1000 వోల్టుల రబ్బరు గ్లౌజులు తొడుక్కుని పనిచేస్తారు. ట్రాక్టర్ ఇంజన్‌ను కళ్లు మూసుకుని విప్పగలిగే మెకానిక్ నైపుణ్యం ఇక్కడ అక్కరకు రాదు.

విచిత్రమేమిటంటే, కారును రోడ్డు మీద ఆపేసేది తరచూ ఈ పెద్ద బ్యాటరీ కాదు, పక్కనే ఉండే 12 వోల్టుల చిన్నది. పెద్ద బ్యాటరీని కారుకు కలిపే స్విచ్చులు దానితోనే పనిచేస్తాయి. అది చచ్చిందంటే పెద్దది నిండుగా ఉన్నా కారు కదలదు. 12 వోల్టులు షాక్ కొట్టవన్నది నిజమే, కానీ రెండు టెర్మినళ్లకూ స్పానరో ఉంగరమో తగిలితే లోహం ఎర్రగా కాలి వేలు పోతుంది. ఉంగరాలు, కడియాలు తీసి, మైనస్ టెర్మినల్ ముందు విప్పాలి, బిగించేటప్పుడు దాన్ని చివర పెట్టాలి. పక్కింటి ట్రాక్టర్‌కు ఈ చిన్న బ్యాటరీ నుంచి జంప్ ఇవ్వడం మొహమాటానికి కూడా ఒప్పుకోవద్దు.

అపోహ: ఇంజన్ ఆయిల్ లేదు కాబట్టి సర్వీసూ లేదు.

టైర్ల గాలి, వైపర్లు, క్యాబిన్ ఫిల్టర్ మీరే చూసుకోవచ్చు. మోటారే బండిని నెమ్మదింపజేయడంతో బ్రేకుల వాడకం తగ్గి డిస్కులకు తుప్పు పడుతుంది, బ్రేక్ ఆయిల్ తేమ పీల్చుకుంటుంది. కూలెంట్ తగ్గితే బోరు నీళ్లు పోయొద్దు. రోడ్డు పక్కన ఏసీ గ్యాస్ కొట్టించడంతో జాగ్రత్త: ఈ కార్ల కంప్రెసర్ ఎక్కువ వోల్టేజీతో నడుస్తుంది కాబట్టి అందులో కరెంటు పారనివ్వని ప్రత్యేక ఆయిల్ ఉంటుంది. మామూలు కార్లకు వాడే ఆయిల్ కలిస్తే ఇన్సులేషన్ దెబ్బతింటుంది.

ఇక పేలుడు సంగతి. ఆ భయం చాలావరకు 2022 నాటిది. ఆ సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం నుంచి పైనున్న లాడ్జికి మంటలు, పొగ వ్యాపించి 8 మంది చనిపోయారు. ఆ ఏడాది డిసెంబరు నుంచే స్కూటర్లకు ఏఐఎస్-156, కార్లకు ఏఐఎస్-038 బ్యాటరీ పరీక్షలు కఠినమయ్యాయి. కారు అడుగు నుంచి పొగ గానీ బుసకొట్టే శబ్దం గానీ వస్తే సామాన్ల కోసం ఆగకుండా అందరూ దూరం వెళ్లాలి. చిన్న అగ్నిమాపక సిలిండర్‌తో బ్యాటరీ మంట ఆరదు, దాన్ని ఎక్కువసేపు నీళ్లతో చల్లార్చాలి. అందుకే 101కు ఫోన్ చేసినప్పుడు ‘కారు తగలబడుతోంది’ అని ఊరుకోకుండా ‘కరెంటు కారు’ అని చెప్పండి, వాళ్లు తెచ్చుకోవాల్సిన నీళ్ల లెక్క మారుతుంది.