తెరమీది బస్సు

ఎడమకు తిరుగు బస్సు ముందుగా కుడివైపునకు ఎందుకు పోవునో, ఇన్నాళ్లు కావలి ట్రంకు రోడ్డు మీద తిరిగియు నాకు తెలియలేదు. ఈ మధ్య మా మేనల్లుడు సెల్‌ఫోనులో ఒక ఆట ఆడించిన పిదప బోధపడినది.

దాని పేరు ‘బస్ సిమ్యులేటర్ ఇండొనేషియా’. మలెయో అను అక్కడి సంస్థ 2017లో వెలువరించినది. వెల లేదు, నడుమ వచ్చు ప్రకటనలను మాత్రము భరింపవలెను. ఆ దేశమునను వాహనములు మనకువలెనే ఎడమ ప్రక్కన నడచును. బస్సుకు మనమే రంగులు వేసికొనవచ్చును. మావాడు ఆర్టీసీ రంగులు వేసి, ‘కావలి’ అని వ్రాసినాడు. అక్కడి పిల్లలు దారి ప్రక్క నిలిచి ‘ఓం తెలోలెత్ ఓం’, అనగా ‘మామా, హారను కొట్టు మామా’ అని డ్రైవర్లను బతిమాలుదురట. ఆ పాటల హారను ఆటలోను ఉన్నది. దానితోనే మాకు పావుగంట గడచినది.

పిమ్మట మలుపు వచ్చినది. కారువలె త్రిప్పితిని. ముందు చక్రములు చక్కగా తిరిగినవి. వెనుకవి మూలనున్న కాలిబాట నెక్కినవి. పొడవైన బండికి వెనుక చక్రములు ముందు చక్రముల జాడలో నడువవు, లోపలికి జరిగి చిన్న వంపున వచ్చును. అందుచేత డ్రైవరు మొదట కుడికి పోయి, ఆలస్యముగా ఎడమకు త్రిప్పును. దారి ఇచ్చినాడనుకొని ఆ సందులో దూరిన మోటారుసైకిలు అక్కడనే చిక్కుకొనును.

ఆటలో గుద్దుకొన్నను మరల మొదలిడవచ్చును.

మరునాడు బస్‌స్టాండు వద్ద తిరుగుచున్న బస్సును చూచి స్కూటరు ఆపితిని. నా వెనుకవాడు హారను కొట్టుచునే యున్నాడు.