మట్టి రంగుకు మూడు అంకెలు... ఎరువుకు మాత్రం భూసార పరీక్షే

హైదరాబాదులోని బోరబండ, జూబ్లీహిల్స్ ప్రాంతం గ్రానైట్ బండల మీద ఉంది. అక్కడ పునాది తవ్వితే ఎర్రటి గోధుమ రంగు మొరం బయటపడుతుంది. తెలంగాణ చల్క నేలలు చాలావరకు ఇలాంటి రాయి నుంచి వచ్చినవే. రాయిలోని ఇనుము తుప్పులాగా మారడం వల్లే ఈ రంగు.

ఈ మట్టిని సెల్‌ఫోన్‌లో ఫొటో తీసి పంపించి "ఏ ఎరువు వేయాలి?" అని అడిగే రైతులున్నారు. ఫొటో ఎంతవరకు పనికొస్తుందో చూద్దాం.

ఫోన్‌లో రంగు అంటే...

ఫోన్ ప్రతి రంగునూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు అంకెలుగా రాసుకుంటుంది. ఒక్కొక్కటి 0 నుంచి 255 వరకు ఉంటుంది. 'శాడిల్ బ్రౌన్' అనే జీను తోలు రంగుకు ఎరుపు 139, ఆకుపచ్చ 69, నీలం 19. అదే మట్టి తడిస్తే మూడు అంకెలూ తగ్గి ముదురుగా కనిపిస్తుంది. సాయంత్రపు ఎండలో తీస్తే ఎరుపు పెరుగుతుంది. అందుకే నేల శాస్త్రవేత్తలు మన్‌సెల్ రంగుల పుస్తకం పక్కన పెట్టి, పొడి మట్టిని, తడి మట్టిని వేర్వేరుగా పోల్చి చూస్తారు.

రంగు చెప్పేవి

* ఎర్ర గోధుమ: సాధారణంగా నీరు బాగా ఇంకే నేల.
* బూడిద రంగులో తుప్పు మచ్చలు: ఏడాదిలో కొంతకాలం నీరు నిలుస్తోంది. మురుగు కాల్వ చూసుకోవాలి.
* పక్కపక్క చల్కల్లో ముదురుగా ఉన్నది: సేంద్రియ పదార్థం ఎక్కువ ఉండవచ్చు. నల్లరేగడికి ఈ లెక్క వర్తించదు. నల్లగా ఉన్నా కర్బనం తక్కువ ఉండొచ్చు.

రంగు చెప్పనివి

నత్రజని, భాస్వరం, పొటాష్, జింకు ఎంతున్నాయో రంగులో తెలియదు. ఒకే రంగున్న రెండు మడుల్లో భాస్వరం ఒకదాంట్లో నిండుగా, రెండో దాంట్లో కొరతగా ఉండొచ్చు. ఫొటో చూసి డిఎపి బస్తా కొంటే డబ్బు దండగ కావచ్చు.

ఏం చేయాలి?

పంట కోశాక, ఎరువు వేయకముందే చేలో 8-10 చోట్ల 'వి' ఆకారంలో 6 అంగుళాల గుంట తీసి, అంచు నుంచి మట్టి తీసుకోవాలి. గట్లు, చెట్ల నీడ, పెంటకుప్పలు ఉన్న చోట్లు వదిలేయాలి. అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలో మిగిల్చాలి. నీడలో ఆరబెట్టి, పేరు, సర్వే నంబరు, వేయబోయే పంట రాసిన చీటీతో మండల వ్యవసాయాధికారికి ఇవ్వాలి. 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాల ఫలితాలు ఉంటాయి. ఎరువు మోతాదు దాన్ని బట్టే వేసుకోవాలి.

ఫొటో పంపాల్సి వస్తే పొడి మట్టిని తెల్ల కాగితం మీద పోసి, పగటిపూట నీడలో తీయండి. కాగితం పచ్చగా కనిపిస్తే మట్టి రంగు కూడా మారినట్లే. మళ్లీ తీయండి.