ఇంట్లోనే తేల్చుకోవాల్సిన మాట

పాపికొండల విహారం నుంచి ఇంటికి ఏం తెచ్చుకోవాలని అడిగితే చాలామంది ప్రశాంతత అంటారు. కామారెడ్డి జిల్లా పిట్లం వాసికి అంతకన్నా పనికొచ్చేది 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరి నేర్పిన పాఠం. వరద పోటెత్తుతున్నా పాపికొండలకు బయల్దేరిన పర్యాటక లాంచీ మునిగి పదుల మంది చనిపోయారు. తర్వాత బోట్లపై నిఘాకు కంట్రోల్ రూమ్‌లు పెట్టారు. వెళ్లాలా వద్దా అన్నది ప్రయాణ సరదాలో లేనివాళ్లు తేల్చాలన్నదే అందులోని ఆలోచన. సుడిలోకి వెళ్లాక ఎవరి తెలివీ అక్కరకు రాదు.

పిట్లానికి గోదావరి దూరమే. మంజీర, నిజాంసాగర్ మాత్రం పక్కనే. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి జిల్లాను వరదలు ముంచెత్తాయి. అలాంటప్పుడు ప్రమాదం పెద్ద నదిలోనే కాదు, రోజూ దాటే కల్వర్టు మీదా ఉంటుంది. వేగంగా పారే నీరు అడుగు లోతుంటే చిన్న కారు తేలుతుంది, రెండడుగులుంటే చాలా వాహనాలు కొట్టుకుపోతాయి. బైకు సంగతి చెప్పేదేముంది!

విహారం మానుకోవచ్చు, పాలు పోయడం, పశువులకు మేత వేయడం మానలేం కదా అంటారు. నిజమే. అందుకే దాటాలా వద్దా అన్న మాట వాగు ఒడ్డున కాక, వాన మొదలవకముందే ఇంట్లో తేలాలి: కల్వర్టు దగ్గర గుర్తుపెట్టుకున్న రాయి మునిగితే దాటొద్దు, అవతలి ఊరి చుట్టం పశువులను చూడాలి. ఎత్తైన వంతెన కట్టాల్సింది ప్రభుత్వమే, అనుమానం లేదు. అది లేచేదాకా వానాకాలాలు ఆగవు.